ఫోన్‌లో సీరియల్ రాస్తున్నారా? రెండో భాగానికి పాఠకుడు రావాలంటే..

చింతలపూడిలో కూర్చుని కథ రాస్తే, ఒకప్పుడు వారపత్రిక ఎడిటర్ ఓకే అంటేనే అచ్చయ్యేది. ఇప్పుడు ఆ అడ్డు లేదు. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపి యాప్‌లో తెలుగు కథని ఎవరైనా సొంతంగా పబ్లిష్ చేసుకోవచ్చు. అసలు కష్టమంతా ఆ తర్వాతే.

నన్నడిగితే రీడ్స్ కంటే ఫాలోవర్స్ ముఖ్యం. కొత్త భాగం పెట్టగానే నోటిఫికేషన్ వెళ్లేది వాళ్లకే. కథంతా ఒకేసారి పెడితే ఒక్క నోటిఫికేషన్, ఐదు భాగాలు చేస్తే ఐదు. (యండమూరి సీరియల్స్ కోసం జనం వారమంతా ఎదురుచూసిందీ ఇలాగే. యాప్ కొత్తగా కనిపెట్టిందేం లేదు!)

అలాగని ఎక్కడపడితే అక్కడ తెంచకండి. కాపు మీద అడ్వాన్స్ తీసుకున్న మామిడి రైతు ఇంటి తలుపు వ్యాపారి అర్ధరాత్రి కొట్టాడనుకోండి, అక్కడే ఆపాలి. అతను మాట్లాడి వెళ్లిపోయాక ఆపితే ఇంక చదవడానికి ఏముంది?

శుక్రవారం రాత్రి 9 అని చెప్తే 9కే రావాలి. అందుకే మూడు భాగాలైనా రెడీగా పెట్టుకుని మొదలెట్టండి. డైలాగులకి జీబోర్డ్‌ తెలుగు వాయిస్ టైపింగ్ హాయి, కానీ పోస్ట్ చేసేముందు మొత్తం చదువుకోండి.

రివ్యూల్లో "సూపర్" అన్నవాళ్లకి థ్యాంక్స్ చాలు. "వ్యాపారి ఎందుకొచ్చాడు?" అని అడిగినవాళ్లకి మాత్రం, సస్పెన్స్ విప్పకుండా, తీరిగ్గా జవాబివ్వండి. వచ్చే శుక్రవారం ముందుగా వచ్చేది వాళ్లే.