మీకు తెలుసా? మీ ఊరి సభలో మీరూ సభ్యులే!

ఇలా దగ్గరకు రండి, ఒక మాట చెబుతా! మామిడికుదురులో ఓటున్న ప్రతి ఒక్కరూ ఒక సభలో సభ్యులే. ఎవరూ మిమ్మల్ని నామినేట్ చేయక్కర్లేదు. ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. 18 ఏళ్లు నిండి, ఊరి ఓటర్ల జాబితాలో పేరెక్కితే చాలు! దాని పేరే గ్రామసభ. సర్పంచ్ పదవికి గడువుంది. మీ సభ్యత్వానికి లేదు! ఆ ఊళ్లో ఓటు ఉన్నన్నాళ్లూ మీదే!

అలాంటి సభలు ఒక్కరోజులో ఎన్ని జరిగాయో చెప్పుకోండి చూద్దాం! వందలు కాదు, వేలు! 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో ఏకంగా 13,326 గ్రామసభలు! వరల్డ్ రికార్డ్స్ యూనియన్ దీన్ని ప్రపంచ రికార్డుగా గుర్తించింది. ఆ రోజు మీరు వెళ్లారా?

మండలం ఒకటే, ఎమ్మెల్యేలు ఇద్దరు! ఆయ్, నిజమేనండి! మామిడికుదురు మండలంలో కొంత రాజోలు నియోజకవర్గంలో ఉంది. మిగతాది పి.గన్నవరంలో! రోడ్డు గురించి అడగాలంటే ముందు మీ ఊరు ఎటువైపో చూసుకోండి.

ఆ రాజోలులోనే 2019లో ఏం జరిగిందో గుర్తుందా? రాష్ట్రం మొత్తంమీద జనసేన గెలిచిన ఒకే ఒక్క సీటు అదే. ఆధిక్యం ఎంతనుకున్నారు? 814 ఓట్లు! అంతే! నాలుగు వీధుల జనం ఇంట్లో కూర్చుంటే ఫలితం తిరగబడేదే!

అంతకన్నా విచిత్రం చెప్పనా? పంచాయతీ ఎన్నికల్లో ఇద్దరికీ సమానంగా ఓట్లొస్తే చీటీ తీస్తారు! చీటీలో పేరొచ్చినవాళ్ల లెక్కలో 1 ఓటు కలిపినట్టే. ఎన్నికల రోజు మీరు వేయని ఓటు అక్కడ చీటీ వేసేస్తుందన్నమాట!

పంచాయతీ బ్యాలెట్ మీద సైకిలూ ఉండదు, ఫ్యానూ ఉండదు, గ్లాసూ ఉండదు! సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తులే లేవు. ఉంగరం, కత్తెర లాంటివే! పైగా మీ చేతికి 2 బ్యాలెట్లు ఇస్తారు. ఒకటి సర్పంచ్‌కి, ఒకటి మీ వార్డు మెంబరుకి. చాలామంది మొదటిదాని గురించే మాట్లాడుకుంటారు. కానీ మీ వీధి దీపం వెలగకపోతే ముందు తలుపు తట్టేది వార్డు మెంబరు ఇంటిదే కదా! ఆ రెండో కాగితం మీద నాకు మహా ప్రేమ.

ఎమ్మెల్యేకి పోటీ చేయాలంటే 25 ఏళ్లు నిండాలి. సర్పంచ్‌కి? 21 చాలు! డిగ్రీ పూర్తయిన మరుసటి ఏడే మన కుర్రాళ్లు, అమ్మాయిలు నామినేషన్ వేసేయొచ్చు!

అన్నట్టు, ముగ్గురు పిల్లలున్నారని వెనక్కి తగ్గారా? ఇక ఆ బెంగ అక్కర్లేదు! ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులనే నిబంధనను 2024లో మన శాసనసభ ఎత్తేసింది!

మన రాష్ట్రంలో పంచాయతీ పదవుల్లో ఆడవాళ్ల వాటా ఎంత? సగం! అక్షరాలా 50 శాతం! పార్లమెంటులో కూడా ఇంత లేదు! గెలిచిన అక్క పక్కన ఆమె భర్త కుర్చీ వేసుకుని కూర్చుంటే మాత్రం ఊరు ఒప్పుకోకూడదు. ఓటు వేసింది ఆమెకి!

ఇప్పుడు అసలు రహస్యం! పంచాయతీలో ఖర్చుల లెక్క కావాలా? సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫీజు ఎంతో తెలుసా? మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో 0! ఒక్క పైసా కూడా కట్టక్కర్లేదు! కాపీలు కావాలంటే వాటి ఖర్చు వేరు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయొచ్చు. ఎందుకు కావాలో చెప్పాల్సిన పని లేదు. సిమెంటు రోడ్డుకి ఎంతయింది? డ్రైను పని ఎవరు చేశారు? పైపులు ఎన్ని కొన్నారు? అన్నీ అడగండి! గట్టిగా అరవక్కర్లేదు, గొడవ పడక్కర్లేదు. కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. అది భద్రంగా దాచుకోండి!

పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి (బ్లోఅవుట్) ఎన్నాళ్లు మండిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. 1995లో ఏకంగా 65 రోజులు! రాత్రిళ్లు ఆకాశమంతా ఎర్రగా ఉండేదని ఇప్పటికీ చెబుతారు.

మరి చమురు, గ్యాసు ఉత్పత్తి లాంటి పెద్ద ప్రాజెక్టు మీ దగ్గరికొస్తే ముందు ఎవరిని అడగాలి? మిమ్మల్నే! పర్యావరణ అనుమతికి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి! అసలు అద్భుతం అది కాదు. ఆ సభకు కోరం లేదు! పదిమంది వచ్చినా సభే. అక్కడున్న ఏ మనిషైనా లేచి మాట్లాడొచ్చు, సందేహం అడగొచ్చు. జరిగినదంతా వీడియో తీస్తారు! వచ్చిన అభ్యంతరాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. అంటే మన తెలుగులోనే! అందుకే ఆ ప్రకటన పేపర్లో కనిపిస్తే వదలకండి. మైకు ముందు రెండు నిమిషాలు చాలు, మీ మాట రికార్డులోకి ఎక్కుతుంది.

ఊరి మాటకు ఎంత బలముందో చూడాలంటే, పక్కనున్న ఒడిశాకే వెళ్లొద్దాం! నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వాలా వద్దా అని సుప్రీంకోర్టు చెప్పలేదు. గ్రామసభలను అడగమంది! 2013లో 12 గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ వద్దన్నాయి! తవ్వకం ఆగింది!

మన దగ్గర ఊరి రాజకీయం ఎక్కడిదాకా తీసుకెళ్తుందో చూశారా? జి.ఎం.సి. బాలయోగి గారు కోనసీమ బిడ్డ. ముందు తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడు. ఆ తర్వాత? 1998లో లోక్‌సభ స్పీకర్! దేశంలో ఆ కుర్చీ ఎక్కిన మొదటి దళితుడు ఆయనే!

ఇంకొక్కటి! పంచాయతీలకు ఎన్ని విషయాలు అప్పగించవచ్చని రాజ్యాంగం రాసిపెట్టిందో తెలుసా? 29! సాగు, చేపలు, తాగునీరు, రోడ్లు, బడి, గ్రంథాలయం... చేపలు కూడానండి! మన లంకలకు, చెరువులకు ఇంతకన్నా ఏం కావాలి?

డబ్బు ఎక్కడికి పోతోందా అని అనుమానమా? ఫోన్ తీయండి! ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో ఏ పంచాయతీ లెక్కలైనా చూడొచ్చు. 2021-26 మధ్య కేంద్రం పంచాయతీలకిచ్చిన ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించాలన్నది నిబంధన! మీ వీధి కుళాయికీ, మీ ఇంటి ముందు డ్రైనుకీ అందులో ఎంత వచ్చిందో ఈ రాత్రికే చూసేయండి!