వేసవి కూరగాయల విత్తనం: ఎండ నుంచి వెనక్కి లెక్క

కంభం, గిద్దలూరు, మార్కాపురం వైపు ఇంటి పక్కన రెండు మూడు సెంట్ల జాగా ఉన్నవాళ్లు సంక్రాంతి దాటగానే వేసవి కూరగాయల ఆలోచన మొదలుపెడతారు. ఏ గింజ ఎప్పుడు పెట్టాలి? ఎండలు ముదిరే రోజు నుంచి వెనక్కి లెక్కపెడితే సమాధానం దొరుకుతుంది.

చలిదేశాల్లో లెక్క వేరు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లు ఆఖరి మంచు ఎప్పుడు పడుతుందో చూసుకుని, దానికి కొన్ని వారాల ముందు టమాటా, వంగ గింజల్ని ఇంట్లోనే మొలకెత్తిస్తారు. అక్కడ భయం చలితో. ఇక్కడ మొక్కను దెబ్బతీసేవి ఏప్రిల్ ఎండ, అడుగంటే నీళ్లు.

ముందు టమాటా సంగతి చూద్దాం. పువ్వు పిందె కావాలంటే పుప్పొడిలో సత్తువ ఉండాలి. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రుళ్లు కూడా చల్లబడకపోతే ఆ సత్తువ పోతుంది, పూత రాలుతుంది. మార్చి చివరికి మన దగ్గర అంత ఎండ మామూలే. నారు ఎదగడానికి 25 నుంచి 30 రోజులు, నాటాక పూతకు రావడానికి ఇంకో నెల పడుతుంది. అంటే గింజకూ పూతకూ మధ్య రెండు నెలలు. డిసెంబరులో నారు పోస్తే పూత ఫిబ్రవరిలో వస్తుంది, కాయ నిలుస్తుంది. ఫిబ్రవరిలో పోస్తే ఏప్రిల్ ఎండలో పూత రాలిపోతుంది.

వేడిని తట్టుకునే పంటలు వేరే ఉన్నాయి: బెండ, గోరుచిక్కుడు, అలసంద, దోస, బీర, సొర, కాకర. చలి నేలలో బెండ గింజ సరిగా మొలవదు, 25 డిగ్రీలు దాటాక చురుగ్గా మొలుస్తుంది. అందుకే జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా వీటికి అదను. బాగా ఆలస్యం చేస్తే తీగజాతికి ఒక చిక్కు వస్తుంది. పగటి పొద్దు, వేడి పెరిగేకొద్దీ మగపూలు ఎక్కువై ఆడపూలు తగ్గుతాయి. తీగ పచ్చగా పాకుతుంది, పిందెలు మాత్రం పలచబడతాయి.

టమాటా, వంగ లాంటి సన్న గింజలకు నారుమడి కావాలి. తీగజాతి వేళ్లు కదిలిస్తే సులువుగా తేరుకోవు. వాటిని నేరుగా పాదుల్లోనే పెట్టాలి. బెండ, గోరుచిక్కుడు కూడా అంతే. కాకర గింజ పెంకు గట్టిది కాబట్టి ఒక రోజు నానబెట్టి పెడితే త్వరగా మొలుస్తుంది.

గింజ మొలవడానికి తేమ, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. నీరు పీల్చుకున్న గింజ లోపలి పిండిపదార్థాన్ని కరిగించుకుని వేరు తీస్తుంది. ఆ తర్వాత ఒక్క పూట ఎండిపోయినా మొలక చచ్చిపోవచ్చు. అలాగని నీళ్లు నిలిస్తే గాలి ఆడదు, నారుకుళ్లు (మొలక మొదలు మెత్తబడి పడిపోయే బూజు తెగులు) వస్తుంది. అందుకే మడిని 15 సెంటీమీటర్లు ఎత్తు చేసి, గింజలపై పలచగా వరిగడ్డి పరిచి, నీళ్లు కొద్దికొద్దిగా చల్లాలి. మొలక కనిపించగానే గడ్డి తీసేయాలి. లేకపోతే నారు సన్నగా సాగుతుంది.

వేసవి బెండకు ఇంకో శత్రువు పల్లాకు తెగులు (ఈనెలు, ఆపైన ఆకు పసుపెక్కే వైరస్ జబ్బు). దీన్ని మొక్క నుంచి మొక్కకు మోసేది తెల్లదోమ. సోకిన మొక్కకు మందు లేదు. కనిపించగానే పీకి తగలబెట్టాలి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ తెగులును తట్టుకునేలా రూపొందించిన అర్క అనామిక లాంటి రకాలు ఎంచుకుంటే మొదటే కొంత రక్షణ.

ఇక నీళ్లు. గుండ్లకమ్మ మీద విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. చెరువు నిండిన ఏడు చుట్టుపక్కల బావులకు, బోర్లకు ఊట అందుతుంది. వానలు మొహం చాటేసిన ఏడు పెరటి పంటకే ముందు కోత పడుతుంది. కాబట్టి లెక్క చూసుకోవాలి. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరైతే చదరపు మీటరుకు 5 లీటర్లు, సెంటుకు 200 లీటర్లు కావాలి. అంటే రోజూ ఒక పెద్ద డ్రమ్ము. మే నెలలో ఇంకా ఎక్కువే. ఆచ్ఛాదన (నేలను గడ్డితో, ఆకులతో కప్పడం) వేసి, పాదుకు మాత్రమే నీరందిస్తే ఈ ఖర్చు బాగా తగ్గుతుంది.

విత్తనాల పొట్లం కొనేముందు ఒక్క సంగతి తేల్చుకోండి: కిందటి మే నెలలో మీ బోరు ఇంటి వాడకం పోను రోజుకు ఎన్ని డ్రమ్ములు ఇచ్చింది? అన్ని సెంట్లే విత్తండి. నీళ్లు చాలక సగంలో ఎండిన మూడు సెంట్ల కంటే, చివరి కోత దాకా నిలిచిన ఒక సెంటే ఇంటికి ఎక్కువ కూర పెడుతుంది.