మొక్క పేరు చివర ఆ పొట్టి అక్షరాలు ఎందుకు?

శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం శాస్త్రీయ నామం టెరోకార్పస్ సాంటలైనస్. దాని వెనకాల ‘ఎల్.ఎఫ్.’ అని ఉంటుంది. ఎందుకంటే, ఆ పేరును మొదట ప్రకటించినవారి గుర్తు అది. ‘ఎల్.’ అంటే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్. 1753లో ఆయన అచ్చువేసిన గ్రంథంతోనే మొక్కలకు రెండు మాటల పేర్లు స్థిరపడ్డాయి. మామిడి పేరు చివర ఉన్నది ఆయనే. ‘ఎఫ్.’ అంటే లాటిన్‌లో కొడుకు. ఎర్రచందనానికి ఈ పేరు పెట్టింది తండ్రి కాదు, కొడుకు లిన్నేయస్. ఆ ఒక్క అక్షరం వదిలేస్తే ఘనత వేరొకరికి పోతుంది!

రాగి పేరు ఇంకా ఆసక్తికరం: ఎల్యూసిన్ కొరకానా (ఎల్.) గేర్ట్న్. లిన్నేయస్ రాగిని మొదట సైనోసూరస్ అనే ప్రజాతిలో చేర్చారు. తర్వాత జర్మన్ శాస్త్రవేత్త గేర్ట్నర్ దాన్ని ఎల్యూసిన్‌లోకి మార్చారు. అలా మార్చినప్పుడు మొదటివారి పేరు చెరిపేయరు; దాన్ని బ్రాకెట్లలో ఉంచి, మార్చినవారిని బయట రాస్తారు. నాకెంతో నచ్చిన మర్యాద ఇది.

ప్రజాతి పేరు పక్కన ‘ఎస్‌పి.’ ఉంటే, జాతి ఏదో తేలలేదని అర్థం. ‘ఎస్‌పిపి.’ అయితే ఆ ప్రజాతిలోని పలు జాతులు. ఇక అరటి పేరు మ్యూసా × పారడిసియాకా నడుమ ఉన్న గుణకారం గుర్తు, అది రెండు జాతుల కలయికతో పుట్టిన సంకరమని చెబుతుంది.