తాళంచెవి – శిస్తు లెక్క: ‘ది అపార్ట్‌మెంట్’, రామదాసు కథలలో ఉద్యోగి అంతరాత్మ

1. ప్రవేశిక

ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఎదగాలన్న కోరిక, మనసొప్పని పనికి తలూపవలసిన అవసరం తరచుగా కలిసే ఎదురవుతాయి. ఈ సంఘర్షణను చిత్రించిన విదేశీ చలనచిత్రాలలో బిల్లీ వైల్డర్ దర్శకత్వంలో 1960లో వెలువడిన ‘ది అపార్ట్‌మెంట్’ ముఖ్యమైనది. ఉత్తమ చిత్రంతో సహా ఐదు ఆస్కార్ పురస్కారాలు దానికి లభించాయి. ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దున ఇటువంటి ప్రశ్ననే మూడు శతాబ్దాలకు పైగా మోస్తున్న కథ కంచర్ల గోపన్నది. లెక్క శుద్ధిగా ఉండటమూ మనసు శుద్ధిగా ఉండటమూ ఒకటేనా అన్న విషయాన్ని ఈ రెండు కథల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. తాళంచెవితో వచ్చిన పదోన్నతి

బాక్‌స్టర్ న్యూయార్క్‌లోని ఒక పెద్ద బీమా సంస్థలో చిన్న గుమాస్తా. పై అధికారుల రహస్య సమాగమాలకు తన ఇంటి తాళంచెవి ఇస్తుంటాడు. ప్రతిఫలంగా వారి సిఫారసుతో పంతొమ్మిదో అంతస్తు నుండి ఇరవై ఏడో అంతస్తుకు ఎదుగుతాడు. అతడు సంస్థ సొమ్ము ముట్టలేదు. దస్త్రాలలో తప్పు రాయలేదు. అయినా తాను అభిమానించే ఫ్రాన్ అదే ఇంట్లో ఆత్మహత్యకు ప్రయత్నించినప్పుడు, తన ఎదుగుదల ఎవరి దుఃఖం మీద నిలిచిందో అతనికి తెలిసివస్తుంది. చివరకు అధికారి షెల్‌డ్రేక్ ఇంటి తాళంచెవి అడిగితే, పదోన్నతితో దక్కిన అధికారుల స్నానాలగది తాళంచెవిని అతని చేతిలో పెట్టి కొలువు వదిలేస్తాడు.

3. శిస్తుతో కట్టిన గుడి

నేలకొండపల్లిలో జన్మించిన గోపన్న గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా (1672–1687) కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. మేనమామలైన అక్కన్న, మాదన్నల ప్రాపకంతో అతనికి ఈ కొలువు దొరికిందని ఐతిహ్యం. ఆ విధంగా అతడూ సిఫారసుతో వచ్చిన ఉద్యోగే. అయితే అతని దారి బాక్‌స్టర్ దారికి విలోమం. బాక్‌స్టర్ లెక్క తప్పకుండానే అంతరాత్మను వదులుకున్నాడు. గోపన్న తాను నమ్మిన ధర్మం కోసం లెక్క తప్పాడు. ఆరు లక్షల శిస్తును భద్రాద్రి ఆలయానికి వెచ్చించి, గోల్కొండలో పన్నెండేళ్లు చెర అనుభవించాడని సంప్రదాయం చెబుతుంది.

ఆ శిస్తు రైతుల కష్టార్జితం. ప్రజలే ఇష్టపూర్వకంగా సమ్మతించారనే పాఠాంతరమూ ప్రచారంలో ఉంది. ఆ సమ్మతిని చేర్చవలసి రావడమే, భక్తి ఒక్కటే సమర్థనగా చాలదని కథకులకు తోచినట్లు సూచిస్తుంది.

4. కీర్తన అనే లెక్కపత్రం

‘ఇక్ష్వాకు కుల తిలక’ కీర్తనను సాధారణంగా నిందాస్తుతిగా చదువుతాం. అందులో ఒక ఉద్యోగి సమర్పించిన లెక్కపత్రమూ ఉంది. సీతకు, లక్ష్మణ భరత శత్రుఘ్నులకు ఏయే నగలు చేయించాడో, వాటికి ఎంతెంత పట్టిందో గోపన్న ఏకరువు పెడతాడు. ఆగ్రహించి తిడతాడు, దెబ్బలకు ఓర్వలేక తిట్టానని వేడుకుంటాడు. చెరలోని తహసీల్దారు ఖర్చు దాచడం లేదు, పద్దు వారీగా చదువుతున్నాడు.

ఐతిహ్యం ముగింపు కూడా గమనార్హం. రామలక్ష్మణులు తానీషాకు సొమ్ము పూర్తిగా చెల్లించి రసీదు పొందుతారు. దేవుడు బాకీని రద్దు చేయలేదు, తీర్చాడు. గోపన్న భక్తి ఎంత గొప్పదైనా ప్రభుత్వ ధనం తిరిగి జమ కావలసిందేనన్న తీర్పు ఈ కల్పనలో ఇమిడి ఉంది. చిత్తూరు నాగయ్య ‘రామదాసు’ (1964), కె. రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’ (2006) చిత్రాలను భక్తి దృష్టితోపాటు ఈ ఉద్యోగధర్మ దృష్టితోనూ పరిశీలించే అవకాశం ఉంది.

5. ముగింపు

బాక్‌స్టర్ కథ నియమపాలన ఒక్కటే చాలదంటుంది. గోపన్న కథ సదుద్దేశం ఒక్కటే చాలదంటుంది. నేడు ఈ ఏజెన్సీ మండలాలలో ఉపాధ్యాయులుగా, అటవీ, రెవెన్యూ సిబ్బందిగా తొలి ఉద్యోగంలో చేరే మన విద్యార్థులకు రెండు హెచ్చరికలూ అవసరమే. నా ఎదుగుదలకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? నేను నమ్మిన మంచికి ఎవరి సొమ్ము వెచ్చిస్తున్నాను? ఈ రెండు ప్రశ్నలనూ కలిపి అడగగలిగినప్పుడే రామదాసు కీర్తన తరగతి గదిలో భక్తి పాఠంగానే కాక వృత్తిధర్మ పాఠంగానూ నిలుస్తుంది.