సిబిల్ చిట్టాలో మీ లెక్క సరిగ్గా ఉందా?

ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి అప్పు సాధారణంగా రెండు చోట్ల రాసి ఉంటుంది. ముడిపట్టు, జరీ ఇచ్చే షావుకారు పుస్తకం మొదటిది. ఎంత తీసుకున్నారో, చీరలు దించాక ఎంత జమ అయిందో ఎదురుగా కూర్చుని చూసుకుంటారు. తేడా వస్తే అక్కడికక్కడే అడుగుతారు. ముద్ర లోను, బండి ఫైనాన్సు, నగల మీద అప్పు చేరే రెండో చిట్టా క్రెడిట్ బ్యూరోలో ఉంటుంది. దాన్ని చాలామంది లోను తిరస్కరించాక గానీ తెరిచి చూడరు.

దేశంలో ఇలాంటి బ్యూరోలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. వీటిలో మొదట, 2000లో, ఏర్పడింది సిబిల్. అందుకే ఏ బ్యూరో స్కోరునైనా మనవాళ్లు ‘సిబిల్’ అనే అంటారు. 2005 నాటి చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు వీటిని పర్యవేక్షిస్తుంది. బ్యూరో అప్పు ఇవ్వదు, ఆపదు. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు పంపిన లెక్కలను ఒకచోట చేర్చి, 300 నుంచి 900 మధ్య స్కోరు కడుతుంది. మీ పొలం, జీతం, పోస్టాఫీసు పొదుపు ఆ స్కోరులోకి రావు. తీసుకున్న అప్పు, కట్టిన తేదీ, కట్టని నెల వంటి అప్పు లెక్కలే వస్తాయి.

ఇలాంటి చిట్టాలోకి అప్పులన్నీ చేరకపోతే ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చవిచూసింది. 2010 నాటికి పల్లెల్లో ఒకే ఇంటికి మూడు నాలుగు సూక్ష్మరుణ సంస్థలు అప్పులిచ్చాయి. ఒకరిచ్చింది మరొకరికి తెలియదు. వారం వారం కంతుల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నడుమ ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఒకరికి రెండు సంస్థలకు మించి అప్పు ఇవ్వకూడదని 2011 జనవరిలో రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ సిఫారసు చేసింది. ఆ తర్వాత వారం కంతు కట్టే మహిళల లెక్కలూ బ్యూరోలకు చేరడం మొదలైంది.

చిట్టా మంచిదే. అందులో తప్పు పడితేనే కష్టం.

పెనుకొండ దగ్గరి ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో పనిచేసే ఒక యువకుడు బైకు లోనుకు వెళ్లాడనుకుందాం. అతని పాన్ కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా ఉంది, పాత బ్యాంకు ఖాతాలో ఒక్క పొడి అక్షరమే ఉంది. ఈ ప్రాంతంలో నారాయణలు, ఆంజనేయులు ఊరికి పదిమంది. పేరు, పుట్టిన తేదీ, పాన్, ఫోను నంబరు సరిగ్గా కలవకపోతే ఒకరి బాకీ మరొకరి ఖాతాలో పడే ప్రమాదం ఉంది.

ఇంకో చిక్కు జామీను. హిందూపురం మార్కెట్లో ఒక చింతపండు వ్యాపారి స్నేహితుడి లోనుకు సంతకం పెడితే, ఆ లోను వ్యాపారి రిపోర్టులోనూ కనిపించవచ్చు. స్నేహితుడు కంతు ఎగ్గొడితే దెబ్బ ఇద్దరికీ. బాకీలో కొంత తగ్గించి ‘సెటిల్మెంట్’ చేసుకున్నవాళ్లూ జాగ్రత్తగా చూడాలి. అప్పు పూర్తిగా కట్టినవారి రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని ఉంటుంది. ‘సెటిల్డ్’ అని ఉంటే పూర్తిగా కట్టలేదని బ్యాంకు అర్థం చేసుకుంటుంది.

ప్రతి బ్యూరో ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తెరవగానే పేరు, పుట్టిన తేదీ, పాన్ చూడండి. తర్వాత మీవి కాని ఖాతాలున్నాయా, తీరిన అప్పు ఇంకా బాకీగా ఉందా, కట్టిన నెల కట్టనట్టు పడిందా అని ఒక్కొక్క వరుసా చదవండి. తప్పుంటే బ్యూరోకూ, ఆ లెక్క పంపిన బ్యాంకుకూ నో డ్యూస్ పత్రం, రసీదులు జతచేసి ఫిర్యాదు చేయండి. బ్యాంకు ఒప్పుకోకుండా బ్యూరో తనంతట తాను అంకె మార్చదు.

ఫిర్యాదు 30 రోజుల్లో తేలకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది. అప్పటికీ న్యాయం జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. 2022 సెప్టెంబరు నుంచి బ్యూరోలు కూడా ఆ పరిధిలోనే ఉన్నాయి.

లోను అవసరం పడ్డాక తప్పు బయటపడితే దిద్దించడానికి నెల కూడా చేతిలో ఉండదు. ఈ ఏడాది ఉచిత రిపోర్టు ఇంకా తీసుకోనివారు ఈ వారమే తీసుకోండి. అమ్మ డ్వాక్రా లోను, నాన్న పంట రుణం వివరాలు కూడా పక్కన కూర్చుని చదివి చెప్పండి.