లక్ష్మీ ఆసు యంత్రం

పోచంపల్లి చీరలోని పువ్వు మగ్గం మీద పుట్టదు. నేతకు ముందే, దారంగా ఉన్నప్పుడే దానికి రంగులు పట్టి ఉంటాయి. పేక దారంలో ఎక్కడ ఎరుపు ఎక్కాలో, ఎక్కడ తెలుపు మిగలాలో ముందే లెక్క తేలాలి. ఆ లెక్క కుదిరేలా దారాన్ని చీర పన్నాకు సరిపడే పోగులుగా పరచడమే ఆసు పోయడం.

ఆసు చట్రానికి ఒక కొసన ఒకే మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు ఉంటాయి. ఆ వంపు ఊరికే పెట్టింది కాదు. ఒంటరి మేకు ఉన్న వృత్త కేంద్రం నుంచి పరిధి మీది ఏ బిందువుకైనా దూరం ఒకటే కాబట్టి, ఏ మేకుకు చుట్టినా పోగు పొడవు మారదు. పోగులన్నీ సమంగా ఉంటేనే వాటిని జట్లుగా చేసి, నమూనా ప్రకారం గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు రబ్బరు పీలికలతో బిగించి కట్టి, రంగులో ముంచడం కుదురుతుంది. కట్టిన చోటికి రంగు దిగదు.

ఈ పని తరతరాలుగా ఇంటి ఆడవాళ్లదే. ఒక్క చీరకు చేయి మీటరు మేర సుమారు 9,000 సార్లు ఆడాలి. అంటే తొమ్మిది కిలోమీటర్లు. అందుకు 4, 5 గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే 18,000 సార్లు. సాయంత్రానికి భుజం, మోచేయి పట్టేస్తాయి.

పాత నల్గొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే ఈ బాధను చింతకింది మల్లేశం చిన్నప్పటి నుంచీ చూశారు. ఆరో తరగతితో బడి మానేసి నేతలో దిగిన ఆయన 1992లో యంత్రం పని మొదలుపెట్టారు.

సైకిల్‌కు చిన్న ఇంజను బిగిస్తే మోపెడ్ అవుతుంది. అక్కడ చక్రం ఎలాగూ తిరిగేదే, ఇంజను కూడా తిప్పేదే. మధ్యలో గొలుసో రోలరో ఉంటే చాలు. ఆసులో అలా కాదు. మోటారుకు తెలిసింది గుండ్రంగా తిరగడం ఒక్కటే, చేయి చేసేవి మూడు పనులు: దారాన్ని మేకు దాకా తీసుకెళ్లి వెనక్కి తేవడం, మేకు చుట్టూ తిప్పడం, తర్వాతి మేకుకు జరగడం. ఈ మూడూ ఒకదాని వెంట ఒకటి తప్పకుండా జరగాలి. ఒక్క మేకు తప్పినా పువ్వు చెదురుతుంది. దారం వదులైతే పోగు పొడవు మారుతుంది, బిగిస్తే తెగుతుంది.

ముందుకూ వెనక్కూ ఆడించడం వరకు కొన్నేళ్లలో సాధ్యమైంది. మేకుల చుట్టూ దారం తిప్పడం దగ్గర పని ఆగింది. చేతిలో డబ్బు అయిపోయి, అప్పులు మిగిలాయి. బతుకుదెరువు కోసం మల్లేశం హైదరాబాద్ చేరి కరెంటు పనులు చేశారు. 1999లో బాలానగర్‌లో పనికి వెళ్లిన చోట ఒక యంత్రం కదలికను చూడగానే, తనకు చిక్కని కదలిక అందులో కనిపించింది. ఆ భాగాన్ని చేయించి బిగించడంతో ఆసు యంత్రం పూర్తయింది. దానికి ఆయన తల్లి పేరే పెట్టారు.

కొత్త యంత్రం మీద ఒక చీరకు ఆసు గంటన్నరలో పూర్తవుతుంది. రోజుకు ఆరు చీరల వరకు పోయవచ్చు. మనిషి చేయాల్సింది దారం అందించడం, తెగితే ముడి వేయడం, కనిపెట్టి ఉండడం. తర్వాత వచ్చిన నమూనాల్లో ఎలక్ట్రానిక్ నియంత్రణ కూడా చేరింది.

గ్రామీణ ఆవిష్కరణలను వెతికి పట్టే పల్లె సృజన సంస్థ ఈ యంత్రాన్ని బయటి ప్రపంచానికి చూపించింది. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ 2009లో జాతీయ పురస్కారం ఇచ్చింది. 2017లో మల్లేశం పద్మశ్రీ అందుకున్నారు. 2019లో ఆయన జీవితం ‘మల్లేశం’ పేరుతో సినిమాగా వచ్చింది.

ఆసు యంత్రం చీర నేయదు. నమూనా గీయడం, రబ్బరు పీలికలు కట్టడం, రంగులద్దడం, మగ్గం ఆడించడం నేటికీ చేతిపనులే. నైపుణ్యం అవసరమైన పనులను మనిషికే వదిలి, ఒళ్లు హూనం చేసే ఒక్క పనినే అది తీసుకుంది. అందుకే ఈ యంత్రం వచ్చినా పోచంపల్లి చీర చేనేతగానే నిలిచింది.