వెండితెర ఎక్కని విమానాలు

విశాఖ బీచ్ రోడ్డులోని మ్యూజియంలో ఒక జపాన్ బాంబు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో ఊరి మీద పడింది గాని పేలలేదు. చూడవచ్చిన వాళ్లు దాని పక్కన నిలబడి ఫోటో దిగి వెళ్లిపోతారు. నేనూ దిగాను. మా తాతయ్యని తీసుకెళ్లినప్పుడు మాత్రం ఆయన దిగనన్నాడు. "అప్పటికి నాకు పదేళ్లురా. అమ్మ చంకలో చెల్లాయి, చేతిలో నా రెక్క. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఎటు పోతున్నామో ఎవరికీ తెలీదు" అన్నాడు. కాసేపాగి, "ఇన్ని సినిమాలు తీస్తున్నారు గదా, ఈ సంగతి ఎవడూ తీయడేం?" అని అడిగాడు.

ఆ ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

మనవాళ్లు యుద్ధం మీద సినిమాలు తీయడం లేదని కాదు. 1971లో విశాఖ సముద్రంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి 2017లో 'ఘాజీ'గా తెర మీదకు వచ్చింది. 2024లో 'ఆపరేషన్ వాలెంటైన్' వచ్చింది. 1965 సర్గోధా దాడిలో ప్రాణాలర్పించిన దేవయ్య కథ ఆధారంగా 2025లో హిందీలో 'స్కై ఫోర్స్' తీశారు. అయితే ఆకాశం అనగానే మన దర్శకులకు తోచేది ఒకటే దృశ్యం: ఒక జెట్టు ముందు, ఒక జెట్టు వెనక, మధ్యన హీరోగారి కళ్లద్దాలు! నా మటుకు నాకు అసలు కథ ఆ వేగంలో కనబడదు. చాలీచాలని విమానం చేతికిచ్చి పంపితే ఆ మనిషి ఏం చేశాడన్నదే కథ.

ఉదాహరణకు లెనార్డ్ బర్చాల్ సంగతి తీసుకోండి. ఈయన కెనడా వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరు. సిలోన్ దక్షిణ తీరాన కొగ్గల సరస్సు నుంచి నీళ్ల మీదే లేచి నీళ్ల మీదే వాలే 'కాటలీనా' అనే ఎగిరే పడవను నడిపేవాడు. నిదానమైన విమానం. గంటల తరబడి సముద్రం మీద తిరిగి కాపలా కాయడమే దాని పని. 1942 ఏప్రిల్ 4న తొమ్మిది మందితో బయల్దేరారు. రోజంతా నీళ్లు తప్ప ఏమీ లేవు. ఇక తిరుగుముఖం పట్టాల్సిన వేళకు దక్షిణాన దిగంతం మీద చుక్కలు కనిపించాయి.

ఆ చుక్కల దగ్గరికి వెళ్లకుండా వచ్చేస్తే అడిగేవాడు లేడు. వెళ్లారు. అవి అడ్మిరల్ నగుమో నౌకాదళం! నాలుగు నెలల కిందట పెర్ల్ హార్బరును తగలబెట్టిన మనిషే, అయిదు విమానవాహక నౌకలతో కొలంబో మీదికి వస్తున్నాడు. వైర్‌లెస్‌లో సందేశం మూడుసార్లు పంపాలని నిబంధన. మూడోసారి పంపుతుండగా జపాన్ 'జీరో' విమానాల గుళ్లు రేడియోను పగలగొట్టాయి. కాటలీనా సముద్రంలో కూలింది. ముగ్గురు పోయారు, ఆరుగురు బందీలయ్యారు.

అసలు నాటకం ఇక్కడే మొదలవుతుంది. జపాన్ ఓడ మీద, "మీవాళ్లకు కబురు పంపారా?" అని బర్చాల్‌ని నిలదీశారు. పంపలేదని బొంకాడు. నమ్మేవాళ్లేమో కూడా. అంతలో కొలంబో నుంచి వైర్‌లెస్‌లో ఒక ప్రశ్న గాలిలోకి వచ్చింది: మీ సందేశం మళ్లీ పంపండి! దాన్ని జపాన్ వాళ్లు విన్నారు. తర్వాత ఏం జరిగి ఉంటుందో ఊహించుకోండి. బర్చాల్ స్వయంగా చెప్పిన సంగతి ఇది. నేను దర్శకుణ్ణయితే ఇంటర్వెల్ కార్డు సరిగ్గా ఇక్కడ వేస్తాను.

ఆ కబురుతో కొలంబో రేవులోని ఓడలు చాలావరకు ముందే బయటపడ్డాయి. అలాగని అంతా శుభంగా ముగియలేదు. మర్నాడు ఈస్టర్ ఆదివారం. హెచ్చరిక ఉండి కూడా దాడి వేళకు రత్మలాన మైదానంలో యుద్ధ విమానాలు ఇంకా నేల మీదే ఉన్నాయి. రెండు బ్రిటిష్ క్రూయిజర్లు సముద్రంలో మునిగాయి. ఈ చేదును దాచి సినిమా తీస్తే మాత్రం నేను టికెట్టు కొనను.

రెండో సగం జపాన్ చెరలో. జబ్బుపడ్డ ఖైదీల చేత పని చేయించవద్దని బర్చాల్ అక్కడ సమ్మె చేయించాడు. రహస్యంగా డైరీలు రాశాడు. యుద్ధం ముగిశాక విచారణల్లో అవే సాక్ష్యాలయ్యాయి. 2004 దాకా బతికాడు.

మరి మన బాంబు సంగతి? బర్చాల్ చూసింది దక్షిణాన ఉన్న పెద్ద దండును. అదే వారం బంగాళాఖాతంలో ఇంకో జపాన్ దండు వర్తక నౌకలను వేటాడుతోంది. ఏప్రిల్ 6న దానిలోని 'ర్యూజో' నౌక నుంచి లేచిన విమానాలే విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఒకే వారం, ఒకే సముద్రం. కొగ్గల సరస్సును, మా తాతయ్య పరిగెత్తిన రోడ్డును ఒకే సినిమాలో చూపించడానికి కష్టపడి కథ అల్లనక్కర్లేదు.

మరో కథ మన పొరుగువాళ్లది. 1971 సెప్టెంబరు 28న నాగాలాండ్‌లోని దిమాపూర్‌లో బంగ్లాదేశ్ వైమానిక దళం పుట్టింది. ఆస్తి మొత్తం ఒక డకోటా, ఒక ఆటర్, ఒక అలూట్ హెలికాప్టరు! మూడూ ఇండియా ఇచ్చినవే, యుద్ధానికి తయారైనవి కావు. పాకిస్తాన్ కొలువు వదిలి వచ్చిన బెంగాలీ పైలట్లు, ప్రయాణికుల విమానాలు నడిపిన పైలట్లు కలిసి వాటికి ఆయుధాలు బిగించుకుని కొండల మధ్య రాత్రిపూట సాధన చేశారు. ఈ జట్టుకు 'కిలో ఫ్లైట్' అని పేరు. డిసెంబరు 3 రాత్రి ఆటర్ చిట్టగాంగ్ చమురు నిల్వల మీదికి, హెలికాప్టరు నారాయణ్‌గంజ్ నిల్వల మీదికి వెళ్లి నిప్పంటించి వచ్చాయి. దేశం ఇంకా చేతికి రాకముందే దానికి వైమానిక దళం! ఇందులో నవ్వించే సన్నివేశాలకూ లోటుండదు.

1948 మే నెలలో మెహర్ సింగ్, జనరల్ తిమ్మయ్యను ఎక్కించుకుని పదివేల అడుగులకు పైబడిన ఎత్తులోని లేహ్‌లో డకోటాను దించాడు. అది ఇంకో సినిమాకు సరిపోతుంది. దాన్ని హిందీవాళ్లకు వదిలేద్దాం.

బర్చాల్ కథంతా మా తాతయ్యకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "మూడోసారి కూడా పంపాడా?" అన్నాడు. మూడోది పూర్తి కాలేదని చెప్పాను. "అయితే సినిమాలో పూర్తయినట్టు చూపించొద్దని చెప్పు" అని పడక్కుర్చీలో వెనక్కి వాలాడు.